మా బావ రక్షణ మంత్రి అయిన ఏడాది

మా అక్క మొగుడు సిపాయిగా చేరి సుబేదారుగా దిగాడు. ఈ రెండు మాటల మధ్య ఆయన వయసంతా అయిపోయింది. విజయనగరంలో సెలక్షన్లకి వెళ్లిన రోజు పక్కింటి అబ్బాయి బూట్లు అడిగి తెచ్చుకుంటే అవి బిగువైపోయాయట. విప్పి చేత్తో పట్టుకుని పరిగెత్తాడట. బూట్లు కాళ్లకి తొడుక్కుంటారా చేతులకా అని అక్కడి ఆఫీసరు హిందీలో అడిగితే, హిందీ రాక "యస్సార్" అన్నాడట. ఆ రోజు మొదలెట్టిన యస్సార్ రిటైరయ్యేదాకా ఆపలేదని మా అక్క అంటుంది.

సర్వీసంతా మేం ఆయన్ని లీవుల్లోనే చూశాం. రైలు దిగుతూనే చుట్టాలు మూగేవారు. మిలట్రీ కేంటీన్లో ఏ సామాను ఎంత తక్కువకి వస్తుందో ఆయనకంటే వాళ్లకే బాగా తెలుసు. ఆయన మాత్రం రెండు రోజులు నిద్రపోయి, మూడో రోజు ఇంటి గోడలు కడగడం మొదలెట్టేవాడు. అసలు రావలసినప్పుడు రానిది ఒక్కసారే. రెండో పిల్ల పుట్టినప్పుడు అక్క శ్రీకాకుళం ఆస్పత్రిలో చావు తప్పి బయటపడితే, ఆయన మూడు నెలలకి గాని రాలేదు. లీవియ్యలేదని కబురొచ్చింది. ఆ లీవియ్యని కర్నల్ని మా అమ్మ, పేరు తెలియకపోయినా, చాలాకాలం తిట్టింది. ప్రార్థనకి కూర్చునే ముందు తిట్టేసి, కూర్చున్నాక క్షమించేది. మర్నాడు మళ్లీ మొదలు.

రిటైరయ్యాక కోటబొమ్మాళిలో మా వీధిలోనే ఇల్లు కట్టుకున్నారు. అప్పుడు తెలిసింది మాకు, పూర్తి మనిషి ఎలా ఉంటాడో. మంచం మీద దుప్పటి ముడత పడితే ఆయనకి ముద్ద దిగదు. వంటింట్లో డబ్బాలన్నీ పొడుగు వరసన నిలబెట్టాడు. ఉప్పు డబ్బా పొట్టిది కాబట్టి చివరికి పోయింది. అక్క రోజూ దాన్ని పొయ్యి పక్కకి తెచ్చేది, ఆయన రోజూ దాన్ని వరసలో పెట్టేవాడు. కొన్నాళ్లకి ఒక బ్యాంకులో గార్డు ఉద్యోగం దొరికింది. తుపాకీ భుజానేసుకుని, వచ్చినవాళ్లని వచ్చినట్టు వరసలో నిలబెట్టేవాడు. అక్క ఉప్పు డబ్బా పొయ్యి పక్కన స్థిరపడింది.

సుబేదారంటే కలెక్టరుకి పైనా కిందా అని మా అమ్మ అడిగేది. "పక్కనత్తా. పక్కన నిలబడి సలాం కొట్టేవోణ్ని" అనేవాడు బావ. పెద్దవాళ్లతో తనకున్న పరిచయం గురించి ఒకే కథ చెప్పేవాడు. ఒకసారి వాళ్ల యూనిట్ చూడ్డానికి జనరల్ గారు వస్తున్నారన్నారట. వారాల తరబడి పని. దారి పొడుగునా రాళ్లకి సున్నం, చెట్ల మొదళ్లకి జేగురు, గడ్డి కత్తెరతో కోయడం. ఆఖరికి జనరల్ గారు వచ్చి, వరసలో నడుచుకుంటూ సరిగ్గా బావ ముందు ఆగి, ఏ ఊరని అడిగారట. శ్రీకాకుళం అన్నాడట. "గుడ్" అన్నారట. అంతే. ఆ గుడ్డు శ్రీకాకుళానికా తనకా అన్నది బావకి ఇప్పటికీ తేలలేదు. కానీ చెప్పిన ప్రతిసారీ ఆయన వెన్ను తిన్నగా అయిపోయేది.

రాష్ట్రం రెండవుతుందన్న గొడవలో బడులు మూతబడిన ఏడాది అది. నేను తెలుగు పంతులమ్మని. బడి లేక ఇంట్లో తోచక ఒక నాటకం రాశాను. మా చర్చిలో క్రిస్మస్ కార్యక్రమానికి ప్రతి ఏడూ అదే గొర్రెల కాపరుల నాటకం, అవే దుప్పట్లు. ఈసారి కొత్తది కావాలని యూత్ వాళ్లు అడిగారు. పేదింటి పిల్లవాడొకడు సైన్యంలో ఆఫీసరుగా చేరి జనరల్ అవుతాడు. రిటైరయ్యాక ఎన్నికల్లో నెగ్గి రక్షణ మంత్రి అవుతాడు. గర్వం తలకెక్కుతుంది. చనిపోయిన సిపాయి తల్లి ఒకామె ఆఫీసుకి వచ్చి మాట్లాడితే కళ్లు తెరుచుకుంటాయి. ఇదీ కథ. జనరల్స్ గురించి నాకు తెలిసిందంతా టీవీ చర్చల్లో చూసిందే కాబట్టి, నా జనరల్ ప్రతి మాటా బల్ల గుద్ది చెప్పేవాడు.

అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, మొత్తం చదివించుకుని విన్నారు. యుద్ధం లేదు కదా అన్నారు. లేదన్నాను. చివర్లో ప్రార్థన ఉండాలన్నారు. సరేనన్నాను. మంత్రిగారి చేత చేయిస్తానని మాటిచ్చాను.

జనరల్ ఎవరన్న ప్రశ్నే రాలేదు. యూత్ అంతా బావ ఇంటికి వెళ్లారు. ఆయన ఒప్పుకోలేదు. "నానెప్పుడూ ఏసుకోని బిళ్లలు భుజానికెట్టుకుంటే తప్పు. అది ఏషం కాదు, నేరం" అన్నాడు. రెండు రోజులు అందరం బతిమాలాం. చివరికి అక్క, పెళ్లయినప్పటినుంచి మిలట్రీవాళ్లు ఆయన్ని జనరల్ని చేస్తారేమో అని తను ఎదురుచూస్తోందనీ, వాళ్లెలాగూ చెయ్యలేదు కాబట్టి చెల్లెలైనా చేస్తానంటే కాదనొద్దనీ అంది. ఆయన ఒక షరతు పెట్టాడు. యూనిఫాం ఏ దేశానిదీ అయ్యుండకూడదు.

ఏ దేశానిదీ కాని యూనిఫాం కుట్టమంటే మా టైలరు చాలా ఆలోచించి ఎర్రగుడ్డ మీద బంగారు రంగు జరీ వేశాడు. భుజాల మీద కుచ్చులు పెట్టాడు. బావ అది తొడుక్కుని వీధిలోకి వస్తే, పెళ్లెక్కడని ఎదురింటి ముసలాయన అడిగాడు. అచ్చం బేండు మేళం మేస్త్రీలా ఉన్నాడు. బావ మాత్రం సంతోషించాడు. ఇంక దీన్ని చూసి ఎవరూ మోసపోరన్నాడు.

రిహార్సల్స్ చర్చి పక్క రేకుల షెడ్డులో సాయంత్రాలు జరిగేవి. మొదటి రోజే గొడవొచ్చింది. కరెంటు పని చేసే కుర్రాడు కర్నల్. అతను లోపలికి వచ్చి జనరల్‌కి సెల్యూట్ కొట్టాలి. జనరల్ తీరిగ్గా తిరిగి కొట్టాలి. కుర్రాడు గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే బావ కుర్చీలోంచి లేచి, మడమలు టప్పుమనిపించి, చెయ్యి కణతకి ఆనించేశాడు.

"బావా, నువ్వు జనరల్‌వి" అన్నాను.

"తెలుసు. కానీ ఆడు కర్నలు కదా."

మళ్లీ చేయించాను. మళ్లీ ఆయనదే ముందు. కుర్రాణ్ని వెనక తలుపు నుంచి రమ్మన్నాను. అడుగుల చప్పుడుకే లేచిపోయాడు. కుడి చేతికి కర్ర ఇచ్చి చూశాం. కర్ర కింద పడింది, చెయ్యి పైకి లేచింది. కుర్రాడు నవ్వాగక బయటికి పోయాడు. బావ నవ్వలేదు. తన చేతిని తనే చూసుకుంటూ, "ఇది నా మాట ఇనదు పంతులమ్మా. దీనికి వేరే ఆర్డర్లున్నాయి" అన్నాడు.

జనరల్ సెల్యూట్ వేరుగా ఉంటుందని ఆయనే మాకు చూపించాడు. కిందవాడు కొట్టేది కొడవలి దెబ్బ. పైవాడిది ముఖం మీద ఈగని తోలుకున్నట్టు. ఇన్నీ తెలిసిన మనిషి తను చేయవలసి వచ్చేసరికి కొడవలే ఎత్తేవాడు. అక్క పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, కర్నల్ వచ్చినప్పుడల్లా తల ఎత్తకుండా "సెయ్యి" అనేది. ఆ ఒక్క మాటకి మాత్రం ఆయన చెయ్యి ఆగేది. నాటకం రోజు కూడా అక్క తెర పక్కనే ఉండాలని తీర్మానించాం.

రెండో గొడవ సిపాయి తల్లి వేషం. చర్చిలో ఆడవాళ్లెవరూ ఒప్పుకోలేదు. కొడుకులున్నవాళ్లు, ఆటకైనా నా కొడుకు పోయాడని నోటితో ఎలా అంటామన్నారు. వాళ్లని తప్పు పట్టలేకపోయాను. మా చర్చిలోనే ముగ్గురు కుర్రాళ్లు అప్పుడు సరిహద్దులో ఉన్నారు. అక్కకి ఇద్దరూ ఆడపిల్లలే.

"నాకేటి భయం, నానేస్తాను" అంది. "ఆయన్ని మంత్రి కుర్చీలో కూసోబెట్టి ఎదురుగా నిలబడ్డం నాకు మళ్లీ దొరుకుతాదా ఏటి?"

నేను రాసిన మాటలు అక్కకి ఇచ్చాను. నా కొడుకు దేశం కోసం ప్రాణమిచ్చాడు, నాకు గర్వంగా ఉంది, కానీ మీరు మా వంక చూడటం లేదు, అని పెద్ద పెద్ద వాక్యాలు. రిహార్సల్లో అక్క వాటిని పాఠంలా అప్పజెప్పేది. బావ కళ్లు దించుకుని వినేవాడు. చివర్లో చేయాల్సిన ప్రార్థన ఆయనకి నోటికొచ్చేసింది.

క్రిస్మస్ ముందు ఆదివారం సాయంత్రం చర్చి ఆవరణలో షామియానా వేశారు. మా అమ్మ మొదటి వరసలో కూర్చుంది. పక్క ఊళ్లనుంచి కూడా జనం వచ్చారు. ఎర్ర యూనిఫాం చూడగానే పిల్లలు ఈలలు వేశారు.

జనరల్ సీను రానే వచ్చింది. అక్క తెర పక్కన సిద్ధంగా ఉంది. బావ కుర్చీ చేతుల్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. కర్నల్ కుర్రాడు లోపలికి వచ్చి, జనాన్ని చూసి, కొయ్యలా నిలబడిపోయాడు. సెల్యూట్ మరిచిపోయాడు. బావ ఎదురుచూశాడు. వాడు కదల్లేదు. అప్పుడు బావ గొంతులోంచి మేమెవరమూ ఎప్పుడూ వినని గొంతొకటి వచ్చింది. సావధాన్ అని ఒక్క కేక. షామియానా కింద ఉన్న రిటైరైన మిలటరీ వాళ్లు కొందరు కూర్చున్నచోటే సర్దుకున్నారు. కుర్రాడు గబగబా మూడు సెల్యూట్లు కొట్టాడు. బావ మెల్లగా లేచి, ఈగని తోలుకున్నట్టు చెయ్యి కదిపాడు. చప్పట్లు ఆగలేదు. తెర పక్కన అక్క నావైపు చూసి, పాసయిపోనాడు అన్నట్టు తలూపింది.

తర్వాత సీనులో ఆయన మంత్రి. తెల్ల లాల్చీ, భుజాన కండువా. బల్ల మీద గ్లోబు, అది మా బడిదే. అక్క పాత నేత చీర కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. మైకు కొంచెం కిందికి వంచుకుంది. మొదటి వాక్యం అందిద్దామని నేను నోరు తెరిచాను. అక్క నావైపు చూడలేదు.

"మంత్రిగారూ, నా కొడుకు మాట తరవాత సెప్తాను. ముందు ఇంకో మాటున్నాది" అంది. "మీ మిలట్రీలో ఒకాయన. పెళ్లాం ఆస్పత్రిలో చావుబతుకుల మీదుంటే ఆయనకి లీవియ్యనేదు. ఎందుకియ్యనేదో కనుక్కుని సెప్పండి. ఇప్పుడు మీరు మంత్రి కదా."

జనం నవ్వారు. వీధివాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. నేను కూడా నవ్వాను. అక్క సరదాకే అడిగిందనుకుంటాను. ఆయన ఏదో తమాషాగా అంటే అయిపోయేది. కానీ బావ కండువా సర్దుకుని, గ్లోబుని చేత్తో కొంచెం తిప్పి, ఆపాడు.

"కనుక్కోడానికేటీ నేదమ్మా" అన్నాడు. "ఆడు అడగనేదు."

"అడగనేదా?"

"జనరల్ గారొస్తన్నారని అందరికీ పని. ఆడికి ముందు ఇద్దరెల్లి లీవడిగితే తిట్టీసి పంపించీసారు. అది సూసి ఈడు అడగనేదు. సున్నం బాల్చీ పట్టుకుని రాళ్లకి రంగేసుకుంటా ఉండిపోనాడు. ఇంటికి మాత్రం లీవియ్యనేదని కబురెట్టీసినాడు."

ఇది నాటకమో కాదో పొరుగూరి వాళ్లకి తెలియక మా మొహాలు చూస్తున్నారు. అక్క మైకు పట్టుకునే ఉంది.

"అయితే ఆ కర్నలు?"

"ఆయనకసలు తెలీదమ్మా. సెప్తే పంపించునేమో."

అప్పుడు మొదటి వరసలోంచి మా అమ్మ గొంతు. పక్కావిడతో గుసగుసగా అన్నాననుకుంది గాని అందరికీ వినబడింది. "అయ్యో దేవుడా. ఆ నాయన్ని అన్నేళ్లు ఊరికే తిట్టీసినాను."

షామియానా మొత్తం ఒక్కసారి నవ్వింది. అక్క కూడా నవ్వింది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని. కొంగు వెనక నవ్వొకటే లేదని నాకు తెలుసు. బావ మంత్రి కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీ అక్క వైపు జరిపి, తను పక్కన నిలబడ్డాడు. అక్క కూర్చుంది. కొడుకు సంగతి ఎవరికీ గుర్తులేదు. ప్రార్థన కూడా బావకి గుర్తులేదు. నేను తెర వేయించబోతుంటే, మాటిచ్చిన ప్రార్థన ఎగిరిపోతుందని అయ్యగారు తనే లేచి మైకు దగ్గరికి వచ్చారు. సైన్యంలో ఉన్న పిల్లల కోసం, వాళ్ల ఇళ్ల కోసం ప్రార్థించారు. ఆమెన్ అనబోయి ఆగి, అన్యాయంగా తిట్లు తిన్న ఆ కర్నల్ గారు ఎక్కడున్నా ఆయనకి ఆయురారోగ్యాలివ్వమని కూడా అడిగారు.

నాటకం బాగుందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మాటలు నేను రాసినవి కావంటే నమ్మలేదు.

ఇంటిదగ్గర మాత్రం అక్క బావతో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డించేది, బట్టలుతికేది, మాట లేదు. పైగా వంటింటి డబ్బాలన్నీ అటూ ఇటూ చేసేసింది. బావ వాటిని ముట్టుకోలేదు. పండగ కూడా అలాగే గడిచింది. పండగ వెళ్లిన మర్నాడు బ్యాంకు నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి, నీ నాటకమే నన్ను ముంచేసిందని వాపోయాడు. నేను మధ్యవర్తిగా వెళ్లాను.

రానందుకు కోపం లేదంది అక్క. అడిగి, వాళ్లు కాదంటే తను ఏడ్చి ఊరుకునేదట. అడగకపోవడమే తన మనసుకి గుచ్చుకుందట. అంత భయమైతే సరిహద్దు కొండల మీద తుపాకులెదురుగా ఎలా నిలబడ్డాడో అడగమంది. బావ గుమ్మం బయటే నిలబడి వింటున్నాడు.

"తూటా నా పై ఆఫీసరు కాదు కదే" అన్నాడు అక్కడినుంచే.

అక్క పెదవి బిగించింది గాని నవ్వాపుకోలేకపోయింది. తర్వాత తన షరతు చెప్పింది. ఇప్పుడు అడగాలి. బ్యాంకులో చేరినప్పటినుంచి ఒక్క రోజు కూడా లీవు పెట్టలేదు కాబట్టి, వెళ్లి అడిగి, తెచ్చి, ఇన్నాళ్లూ ఆయన ఉండి వచ్చిన ఆ కొండల ఊరు తనకి చూపించాలి. ఇంటివాళ్లని రానివ్వని ఆ చోట్లని ఫీల్డు అంటారని వినడమే గాని ఆ ఊళ్లు ఎలా ఉంటాయో అక్క ఎప్పుడూ చూడలేదు.

మా ఇంటి వరండాలో మళ్లీ రిహార్సల్. నేను మేనేజర్ని. బావ వచ్చి నిలబడి, గొంతు సవరించుకుని, ఎండల గురించి మాట్లాడి వెళ్లిపోయేవాడు. జనవరిలో ఎండలేంటని అడిగితే, మేనేజరు గారు బాగా పనిలో ఉన్నట్టున్నారు, తర్వాత అడుగుతాననేవాడు. మా అమ్మ ఇదంతా చూసి, ఇంక ఎవర్నీ తిట్టే ఓపిక తనకి లేదని ముందే చెప్పేసింది.

అసలు రోజు ఏమైందో ఆయనే వచ్చి చెప్పాడు. మేనేజరు గది ముందు బూట్లు టప్పుమనిపించి నిలబడ్డాడట. ఆ అబ్బాయి ఆయన వయసులో సగం ఉంటాడు. ఏదో దోపిడీ జరుగుతోందనుకుని కుర్చీలోంచి లేచిపోయాడట. సార్ లీవు కావాలి అన్నాడట బావ. తీసుకోండి బాబాయ్ అన్నాడట అతను. అంతే. ఒక జీవితమంతా దాటలేని ఏరు మోకాటి లోతు కూడా లేదు. బావకది మింగుడుపడక అక్కడే నిలబడి ఉంటే, ఇంకా ఏదైనా కావాలా, ఇంట్లో విశేషమా అని అడిగాడట మేనేజరు.

"ఏం చెప్పావు?" అన్నాను.

"అమ్మాయి పుట్టింది సార్ అనీసినాను."

మేనేజరు ఆయన నెరిసిన మీసం వైపు చూసి, చెయ్యి కలిపి, శుభాకాంక్షలు చెప్పాడట. ఆ అమ్మాయి ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీజీ చదువుతోందని బావ వివరించేసరికి, స్టాఫుకి కబురు వెళ్లిపోయి ఎవరో స్వీట్లు కూడా తెప్పించారట. ఆ పొట్లం మా ఇంటికే తెచ్చాడు. కాజాలు. అక్క రెండు తింది.

అప్పటినుంచి వీధిలో ఆయన్ని మంత్రిగారనడం మొదలైంది. కుళాయి రాకపోయినా, పోలేరమ్మ జాతరకి మైకు ఎక్కువైనా, మంత్రిగారూ అని వచ్చేవాళ్లు. మొదట్లో సిగ్గుపడేవాడు. తర్వాత తర్వాత మండలాఫీసుకి వెళ్లి అడగడం అలవాటైంది. ఒకసారి అడిగి తెచ్చుకున్నవాడికి రెండోసారి కష్టం కాదంటాడు.

ఎండలు ముదరకముందే ఇద్దరూ బయలుదేరారు. అక్కకి స్వెట్టర్లు, మంకీ కేపు, ఊరగాయ, అటుకులు. రైలు కదిలేదాకా బావ ఏ పెట్టె ఎక్కడుండాలో సర్దుతూనే ఉన్నాడు. నాలుగైదు రోజులకి అక్క ఫోన్ చేసింది. చలికి ముక్కుందో లేదో తెలియడం లేదని, టీలో అల్లం తప్ప ఏమీ వెయ్యరని, కొండలు మాత్రం చెబితే అర్థం కాదని, చూడాల్సిందేనని చెప్పింది. బావ ఉండిన చోటికి లోపలికి వెళ్లనివ్వలేదట. బయట దారినుంచే వేలు పెట్టి చూపించాడట.

బావ ఏం చేస్తున్నాడని అడిగాను.

"గేటు కాడ టీకొట్లో బొబ్బిలి వైపాయన సుబేదారొకడు కనపడ్డాడే. గంటయినాది" అంది అక్క. "ఆయన కూతురి పెళ్లికి లీవు ఎలాగడగాలో మీ బావ నేర్పిస్తన్నాడు."